మూడో నంబరు బోటు సిద్ధంగా లేదు

అధ్యక్ష స్థానంలో ఉన్న జిల్లా కమాండరు గారికి, ఆయన పక్కనే కూర్చున్న మా స్టేషను అధికారి గారికి, ఇవాళ వేట మానుకుని వచ్చిన చేపల బోట్ల సంఘం పెద్దలకు, వైర్‌లెస్ గది వాళ్లకు, వర్క్‌షాపులో నాతోపాటు చేతులు నల్లబరుచుకున్న తమ్ముళ్లకు, రెండో వరసలో కూర్చుని నా చొక్కా గుండీ సరిగా పెట్టుకోమని ఇందాకటి నుంచీ సైగ చేస్తున్న మా ఆవిడకు, అందరికీ నమస్కారం. వంటగది వాళ్లను మరిచిపోతే టీ రాదు, వాళ్లకి విడిగా ఇంకో నమస్కారం. (నవ్వులు)

నాకు మాట్లాడటం రాదు. ముప్ఫై మూడేళ్లు ఈ తీర రక్షణ దళంలో ఇంజన్ల పక్కన బతికి ఇవాళ రిటైరవుతున్నవాడికి అరవడం వస్తుంది, చేత్తో సైగలు చేయడం వస్తుంది, అంతే. ఇంట్లో కూడా నేను మామూలుగా మాట్లాడితే పక్కింటివాళ్లు ఏదో గొడవనుకుని కిటికీ తీసేవారు. అందుకని నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకొచ్చాను. గట్టిగా చదివితే ఏమీ అనుకోకండి.

నాకంటే ముందు మాట్లాడినవాళ్లంతా నన్ను చాలా మెచ్చుకున్నారు. మా స్టేషను అధికారి గారు ఒక మాట రెండుసార్లు అన్నారు. ఈ స్టేషను బోటు ఏదీ ఒక్క రోజు కూడా సిద్ధంగా లేదని పైకి రాయాల్సిన అవసరం రానివ్వని మనిషి అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను తల దించుకుని కూర్చున్నాను. వినయం అనుకుని ఉంటారు. వినయం కాదు. ఆ మాట గురించే నేను మాట్లాడాలి.

ఇందాక బయట సంఘం పెద్దాయన ఒకాయన నన్ను అడిగారు. "ఏమయ్యా, బోటు నడిపేది నలుగురు, ఇంజను చూసేది నువ్వొక్కడివి, మరి మీకు ఇంతమంది ఆఫీసర్లెందుకయ్యా?" అని. నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు జవాబు చెబుతాను పెద్దాయనా, అది తెలియకపోతే తర్వాత చెప్పబోయేది మీకు అర్థం కాదు.

రాజధానిలో మాకు పెద్ద కార్యాలయం ఉంది. దాని కింద ప్రాంతాలు, ప్రాంతం కింద జిల్లాలు, జిల్లా కింద మాలాంటి స్టేషన్లు. లోతు సముద్రంలో వారాల తరబడి తిరిగే పెద్ద ఓడలు ప్రాంతం చేతిలో ఉంటాయి. హెలికాప్టర్లు ఇక్కడికి అరవై మైళ్ల దూరంలో ఎయిర్ స్టేషన్లో ఉంటాయి. తీరం పక్కన పరిగెత్తే చిన్న బోట్లు మావి. ఓడలవాళ్లు హెలికాప్టరు వాళ్ల ముఖం చూడరు, హెలికాప్టరు వాళ్లు మా ముఖం చూడరు. మరి వీటన్నిటినీ కలిపి నడిపించేది ఏమిటంటే, పొద్దున ఎనిమిదింటికి ప్రతి స్టేషనూ పంపే ఒక చిన్న మెసేజీ. ఏ బోటు సిద్ధంగా ఉంది, ఏది లేదు. అంతే, రెండు లైన్లు.

ఆ మెసేజీ జిల్లాలోని రెస్క్యూ సెంటరుకి వెళుతుంది. నేను ఆ గది ఒకేసారి చూశాను. గోడ నిండా తీరం పటం. ఒక్కో స్టేషను పక్కన ఒక్కో బోటుకి చిన్న దీపం. సిద్ధమైతే పచ్చగా వెలుగుతుంది, కాకపోతే ఎర్రగా. సముద్రంలో ఎవరైనా కాపాడమని అరిస్తే, ఆ గదిలో కూర్చున్న ఆఫీసరు ఆ గోడ చూసి ఎవరిని పంపాలో నిర్ణయిస్తాడు. ఆయన మా బోటును ఎప్పుడూ చూడలేదు. మా జెట్టీ ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు. ఆయనకు తెలిసింది పచ్చదీపం ఒక్కటే. పెద్దాయనా, ఇంతమంది ఆఫీసర్లుండేది ఆ దీపాన్ని నమ్మి పని చేయడానికి. దాన్ని వెలిగించేది మాత్రం నాలాంటి ఇంజనువాడు.

మా స్టేషనులో రెండు బోట్లు. ఒకటో నంబరు, మూడో నంబరు. రెండో నంబరు నేను రాకముందే తుక్కు కింద వెళ్లిపోయింది. ఒక్కో బోటుకి రెండు ఇంజన్లు. ఒక్కో ఇంజనుకీ సముద్రపు నీళ్లు తోడి దాన్ని చల్లబరిచే పంపు ఒకటి ఉంటుంది. ఆ పంపు లేకపోతే ఇంజను పది నిమిషాలు నడుస్తుంది, పదకొండో నిమిషంలో పొగ.

తొమ్మిదేళ్ల క్రితం మూడో నంబరు కుడి ఇంజను పంపు పగిలింది. కొత్తది కావాలని రాశాం. మూడు నెలలకు కాగితం తిరిగొచ్చింది, దాని కాలం తీరకుండా ఎందుకు పగిలింది, వివరించమని. వివరించాం. ఇంకో రెండు నెలలకు మళ్లీ వచ్చింది, ఫోటో జతపరచమని. ఈ లోపల మూడో నంబరు సిద్ధంగా లేదని రాయొచ్చు. రాస్తే జిల్లా నుంచి ఫోను, వారం దాటితే సంజాయిషీ, నెల దాటితే స్టేషను అధికారికి మచ్చ. అందుకని నేనొక ఉపాయం పట్టాను. ఒకటో నంబరు పంపు ఊడదీసి మూడో నంబరుకి బిగించడం, ఏది బయటికి వెళ్లాలంటే దానికి మార్చడం. నలభై నిమిషాల పని. నేను ముప్ఫై రెండు నిమిషాల్లో చేసేవాణ్ణి. వర్క్‌షాపులో తమ్ముళ్లు గడియారం పట్టుకుని పందేలు కట్టేవారు.

ఆ పంపుకి మేం కోడలు అని పేరు పెట్టుకున్నాం. "కోడలు ఎక్కడుందిరా?" అంటే, "పుట్టింట్లో ఉంది మేస్త్రీ, సాయంత్రం అత్తారింటికి పంపిస్తాం" అనేవారు. (కొందరి నవ్వులు) ఇనస్పెక్షనుకి పెద్దలు వచ్చినప్పుడు పొద్దున ఒకటో నంబరు చూపించేవాళ్లం, వాళ్లు భోజనం చేస్తుండగా కోడల్ని మార్చేవాళ్లం, మధ్యాహ్నం మూడో నంబరు చూపించేవాళ్లం. ఒక ఏడాది వచ్చిన ఆఫీసరు రెండు పంపులూ ఒకే తీరుగా మెరుస్తున్నాయని నన్ను మెచ్చుకున్నాడు. మెరవక ఏం చేస్తుంది, ఒకటే కదా. (నవ్వులు)

నవ్వండి, తప్పులేదు. మేమూ నవ్వుకున్నాం. నాకు దాని గురించి సిగ్గు లేదు అప్పట్లో. గర్వం ఉండేది. ఇంత తక్కువ సామానుతో రెండు దీపాలు పచ్చగా ఉంచుతున్నానని గర్వం. పై వాళ్లు పంపలేదు కాబట్టి ఇలా చేశామని నేను చాలాకాలం చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, నన్ను ఘనుడంటుంటే నాకు బాగుండేది.

పంపు పగిలిన ఏడో నెలలో ఆ రోజు వచ్చింది.

మధ్యాహ్నం గాలి లేచింది. ఒకటో నంబరు పన్నెండింటికే ఉత్తరం వైపు వెళ్లింది, అక్కడ ఇసుక పడవ ఒకటి తాడు తెగి కొట్టుకుపోతుంటే. కోడలు దానితోనే వెళ్లింది. ఒంటిగంటా ముప్ఫై అయిదుకి సెంటరుకి కబురొచ్చింది, పదకొండు మైళ్ల దూరంలో చేపల బోటు ఒకదానిలోకి నీళ్లు ఎక్కుతున్నాయి, అయిదుగురున్నారు అని. అదే సమయంలో ఇంకో పక్క సరుకు ఓడలో ఒక నావికుడికి గుండెపోటు. ఆ రోజు ఎగరడానికి ఉన్న హెలికాప్టరు ఒక్కటే. సెంటరులో ఆఫీసరు గోడ చూశాడు. మా స్టేషను పక్కన మూడో నంబరు పచ్చగా ఉంది. హెలికాప్టరును ఓడకి పంపాడు, మమ్మల్ని బోటుకి పంపాడు. ఆయన తప్పేమీ లేదు. నేనైనా అదే చేసేవాణ్ణి.

వైర్‌లెస్ గదిలోంచి కేక వేశారు, "మేస్త్రీ, మూడో నంబరు!" అని. అప్పటి మా స్టేషను అధికారి గారు గుమ్మంలో నిలబడి నా వైపు చూశారు. ఆయన ఇప్పుడు లేరు. నేను ఆయన మీదికి నెట్టను. మూడో నంబరు సిద్ధంగా లేదండీ, హెలికాప్టర్ని అటు తిప్పమనండి అని నేను ఒక్క మాట అని ఉండాల్సింది. దానికి అర నిమిషం చాలు. హెలికాప్టరు అప్పటికింకా గాల్లోకి లేవలేదు. తర్వాత ఆరా తీశాను, ఇరవై రెండు నిమిషాల్లో ఆ బోటు దగ్గరికి చేరేదట.

నేను "బయలుదేరుతోంది" అన్నాను.

(వక్త కాగితం తిప్పారు.)

ఎడమ ఇంజను ఒక్కదానితో వెళ్లాం. రెండూ నడిస్తే అరగంట లోపు దారి. మాకు గంటన్నర పట్టింది. మేం వెళ్లేసరికి మూడూ ఇరవై. నలుగురు ఐసు పెట్టె మూత పట్టుకుని తేలుతున్నారు. అయిదోవాడు లేడు. పది నిమిషాల క్రితం దాకా ఉన్నాడన్నారు. ఆ బోటు ఇంజను డ్రైవరు అతను, నాలాగే ఇంజను పనివాడు. బోటు మునిగేదాకా కిందే ఉండి నీళ్లు తోడాడట, అందుకే మిగతావాళ్లకంటే ముందే అలిసిపోయాడు.

దారిలో కుడి ఇంజను చెడిపోయిందని రిపోర్టు రాశాం. నేను సంతకం పెట్టాను. ఆరు నెలలకు ఒక్క ఇంజనుతో తెగించి వెళ్లి నలుగురి ప్రాణాలు కాపాడినందుకు అని నాకు ప్రశంసాపత్రం వచ్చింది. ఇవాళ ఈ బల్ల మీద గుడ్డ కప్పి పెట్టిన జ్ఞాపిక మీద కూడా ఆ మాటే చెక్కించారని నిన్న తమ్ముళ్లు చెప్పారు. నాకు ఆ వాక్యం చదవాలని లేదు.

ఆ ఇంజను డ్రైవరు భార్య ఈ హాల్లోనే ఉంది.

మీ అందరికీ ఆమె తెలుసు. మా స్టేషనులో కాన్వాసు గదిలో లైఫ్ జాకెట్లు కుడుతుంది, బోట్ల ముసుగులు కుడుతుంది. భర్త పోయాక ఉద్యోగం ఇచ్చారు. ఆ గది మా వర్క్‌షాపు పక్కనే, మధ్యలో చెక్క గోడ. ఎనిమిదేళ్లకు పైగా ఆమె కుట్టుమిషను చప్పుడు వింటూ పని చేశాను. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. ఒక్క ఇంజనుతో కూడా వెళ్లిన మనిషి అని వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించేది. నేను పని ఉందని లోపలికి వెళ్లిపోయేవాణ్ణి.

ఆ సంగతి చెబితే సరిపోదు. ఇంకోటి ఉంది. అతను పోయిన మర్నాడు కబురు చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్లింది నేనే. అడిగి మరీ వెళ్లాను. ఆమె గుమ్మంలో నిలబడి, ఎంతసేపు నీళ్లలో ఉన్నాడని అడిగింది. పావుగంట అన్నాను. పావుగంటలోనే పోయాడమ్మా, ఎవరు వెళ్లినా అందేది కాదు అన్నాను. ఆమె తేలిక పడాలనే అన్నాననుకున్నాను. నేను తేలిక పడటానికి అన్నానని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. అతను గంటా ఇరవై నిమిషాలు ఉన్నాడు.

ఇది ఇన్నేళ్లకు ఎందుకు చెబుతున్నానంటే, నాకు నేనుగా బుద్ధి వచ్చి కాదు. నా స్థానంలోకి వచ్చిన ఇంజను ఆఫీసరు అమ్మాయి, అదిగో కిటికీ దగ్గర కూర్చుంది, పోయిన వారం రికార్డులు తీసుకుంటూ అడిగింది. "మేస్త్రీ గారూ, ఈ పంపు నంబరు రెండు బోట్ల పుస్తకాల్లోనూ ఉందేమిటి? ఒకే నంబరుతో రెండు పంపులు చేస్తారా?" అని. అంటే మీకు అర్థమైందా? తొమ్మిదేళ్ల తర్వాత కూడా అదే పని జరుగుతోంది. కొత్త పంపు అప్పట్లో ఏడాదికి వచ్చింది, నిరుడు ఇంకోటి పగిలింది, నేను మళ్లీ అదే ఉపాయం. ఒక మనిషి పోయాక కూడా. చేతికి అలవాటైంది, నోటికీ అలవాటైంది.

ఆ అమ్మాయి ముఖం చూసి నేను నవ్వలేకపోయాను. ఇంటికెళ్లి మా ఆవిడకి మొత్తం చెప్పాను. ఆవిడ అన్నం గిన్నె పక్కన పెట్టి విన్నది. విని, "మైకులో ఊరందరికీ తర్వాత చెబుదువు గానీ, ముందు ఆమెకి చెప్పు" అన్నది. సరేనన్నాను. మొన్న ఒకసారి కాన్వాసు గదికి వెళ్లాను. గుమ్మంలో నిలబడి, సూది ఉందా అమ్మా అని అడిగాను. "ఇంజను కుట్టడానికా అన్నయ్యా?" అని నవ్వి సూదీ దారం ఇచ్చింది. నిన్న మళ్లీ వెళ్లాను. ఆ సూది తిరిగి ఇచ్చి వచ్చాను. (ఒకరిద్దరు నవ్వి ఆగిపోయారు.)

ఇద్దరి మధ్య చెప్పాల్సినదాన్ని రెండు వందల మంది ముందు చెబుతున్నాను. ఇది ధైర్యం అనుకోకండి. ఇక్కడైతే ఆమె నా కళ్లలోకి చూడదని, మధ్యలో కుర్చీలుంటాయని, కాగితం చూసి చదవొచ్చని. మా ఆవిడ చెప్పినట్టు చేయలేకపోయాను. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.

ఇవాళ పొద్దున ఎనిమిదింటి మెసేజీ నేనే రాశాను, చివరిది. ఒకటో నంబరు సిద్ధం. మూడో నంబరు బోటు సిద్ధంగా లేదు. అయిదు నిమిషాల్లో జిల్లా నుంచి ఫోను, "మేస్త్రీ గారూ, పొరపాటున పడిందా?" అని. "లేదు బాబూ, ఇన్నాళ్లూ పడింది పొరపాటు" అన్నాను. కమాండరు గారూ, ఆ ఎర్రదీపం చూశాకే మీరు ఇక్కడికి బయలుదేరి ఉంటారు. దారిలో ఏమనుకున్నారో గానీ రాగానే నాకు దండ వేశారు. మీ చేతికి ఇందాక ఇచ్చిన కవరు నా ఆహ్వానపత్రిక కాదండీ. తేదీలతో సహా మొత్తం రాసి సంతకం పెట్టాను. పింఛను ఆపినా ఏం చేసినా నాకు అభ్యంతరం లేదు. ఆ అమ్మాయిని మాత్రం ఎర్రదీపం గురించి సంజాయిషీ అడగకండి. అడిగితే ఆమె కూడా నాలాగే నేర్చుకుంటుంది. తెలివిగలది, నాకంటే త్వరగా నేర్చుకుంటుంది.

(కాన్వాసు గదిలో పనిచేసే ఆమె వెనక వరసలో లేచి నిలబడ్డారు.)

అడుగమ్మా. మైకు అక్కర్లేదు, నీ గొంతు నాకు వినబడుతుంది.

("పావుగంటన్నారు అన్నయ్యా. మా గుమ్మంలో నిలబడి అన్నారు.")

అన్నాను.

("పావుగంటే కదా, ఎక్కువ బాధపడి ఉండడులే అని పిల్లలకి కూడా అదే చెప్పాను.")

చెప్పి ఉంటావు.

("ఆ గంటలో ఏమన్నా అన్నాడా ఆయన? ఆ నలుగురూ ఏమైనా చెప్పారా మీకు? నన్ను చూస్తే వాళ్లు తప్పుకుని పోయేవాళ్లు, నేను అడగలేకపోయాను.")

చెప్పారమ్మా. నీకు చెప్పొద్దని నేనే వాళ్లని బతిమాలాను. అది కూడా నేనే. వాళ్ల మీద కోపం పెట్టుకోకు.

మాట్లాడుతూనే ఉన్నాడట. మూత జారిపోతుంటే వాళ్లని తిట్టాడట, కాళ్లు ఆడించండిరా వెధవల్లారా, నిద్రపోతున్నారా అని. వాళ్లలో పెద్దాయన ఇంకెవరొస్తార్రా అని ఏడిస్తే, "స్టేషను వాళ్లకి రెండు బోట్లున్నాయి, పొద్దున జెట్టీ దాటేటప్పుడు నా కళ్లతో చూశాను, ఒకటి లేకపోతే ఇంకోటి వస్తుంది, కాసేపు ఓపిక పట్టు" అన్నాడట. చాలాసేపు అదే చెప్పాడట వాళ్లకి. ఆ తర్వాత మాట్లాడలేదు.

(ఆమె కుర్చీల మధ్యలోంచి నడిచి బయటికి వెళ్లారు. ఇద్దరు ముగ్గురు వెంట వెళ్లబోయారు.)

వద్దు. కూర్చోండి. వెళ్లనివ్వండి ఆమెను. నా తరఫున ఎవరూ ఆమెకు నచ్చజెప్పకండి. మేస్త్రీ మంచివాడే అని ఒక్కరు కూడా అనకండి దయచేసి.

నా కాగితంలో ఇంకా పేజీ ఉంది. ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో పేర్లు వరసగా రాసుకున్నాను. ఇప్పుడవి చదివితే బాగుండదు. మీరంతా నాకు చాలా చేశారు, నాకు గుర్తున్నాయి, ఒక్కొక్కరినీ కలిసి చెబుతాను. మా ఆవిడకి మాత్రం ఇక్కడే చెప్పాలి, నువ్వు చెప్పింది విని ఉండాల్సింది. నా తర్వాత మాట్లాడేవాళ్లు పొగడటానికి ఏమైనా రాసుకొచ్చి ఉంటే జేబులోనే ఉంచుకోండి. బల్ల మీది జ్ఞాపిక నేను తీసుకోను. మీరు ప్రేమతో చేయించారు, అందుకు నమస్కారం. మాట తప్పు, ప్రేమ తప్పు కాదు.

ఈ హాలుకి వెనక ఒక తలుపుంది. పొద్దునే వచ్చి చూసి పెట్టుకున్నాను కూడా, ఇలా అవుతుందేమోనని. అటు వెళ్లను. ముందు తలుపు దగ్గర ఆమె ఉంటుంది. ఏమన్నా అంటే వింటాను. ఏమీ అనకపోతే, అనేదాకా నిలబడతాను.

ఇంతసేపు విన్నారు, మీ అందరికీ రుణపడి ఉంటాను. సెలవు.